గొంతు అడిగిన ఇల్లు

"మీరెవరు?" అని అడిగింది తలుపు.

అడిగింది దొంగను కాదు, దారి తప్పి వచ్చినవాణ్ణీ కాదు. ఆ ఇంటి యజమానురాలు సూరాడ నూకరత్నాన్ని. ముప్పై రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని, చేతిలో మందుల సంచీతో తన గుమ్మం ముందుకు వచ్చి నిలబడిన మనిషిని పట్టుకుని, "మీరెవరు? దయచేసి మీ పేరు చెప్పండి" అని ఆమె సొంత ఇల్లే తియ్యగా, మర్యాదగా పదహారుసార్లు అడిగింది. పక్కనే నిలబడి నేను లెక్కపెట్టాను. నాకు ఒళ్లు మండిపోయింది.

నాకు ఒళ్లు మండితే ఏమవుతుందో విశాఖపట్నంలో తెలియనివాడు లేడు. పెద్ద తుపాను నాడు మా మేడమీద నిలబడి నేనొక్క కేక వేస్తే గాలి దిక్కు మార్చుకుందని పూర్ణా మార్కెట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పేది నేనే అనుకోండి. అయినా చెప్పుకోవడం చెప్పుకోవడమే కదా!

నా పేరు బుగత పారినాయుడు. టీవీలకు రిమోట్లు ఉన్న కాలంలో ఈ రెండు చేతులతో నలభై వేల రిమోట్లకు ప్రాణం పోశాను. నీళ్లలో పడ్డవి, సాంబారులో మునిగినవి, కుక్క నమిలినవి, మొగుడూ పెళ్లాల యుద్ధంలో గోడకు తగిలి రెండు ముక్కలైనవి. ఇది చావదు అని నేను చెప్పాక చచ్చిన రిమోట్ లేదు.

ఆ కాలం పోయింది. ఇప్పుడు ఊళ్లో ఏ ఇంటికీ స్విచ్చి లేదు. మా సముద్రపు గాలికి అన్ని స్విచ్చులూ తుప్పుపడుతున్నాయని మొదట నెపం చెప్పారు. తరవాత బటన్ నొక్కడం పాతకాలపు మోటుతనం అన్నారు. ఆ తరవాత ప్రతి ఇంటి గోడలోకీ 'ఇంటిదొర' వచ్చి కూర్చుంది. అదొక యంత్రం. దానికి గదికి నాలుగేసి చెవులు. "దొరా, దీపం" అంటే దీపం వెలుగుతుంది. "దొరా, తలుపు" అంటే తలుపు తెరుచుకుంటుంది. ఫ్యాను, గీజరు, పొయ్యి, కిటికీ తెరలు అన్నీ మాటతోనే. ఫోను తెరవాలన్నా మాటే. ఇంటి యజమాని గొంతును అది వేలిముద్రలా గుర్తుపెట్టుకుంటుంది. మనిషి దానికి అక్కర్లేదు. మొహం అక్కర్లేదు, పత్రాలు అక్కర్లేదు. గొంతు ఉంటేనే యజమాని.

నూకరత్నానికి గొంతు లేదు. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. తియ్యకపోతే మనిషే ఉండేది కాదు.

ఆ గొంతు ఎలాంటిదో మీకు తెలియాలి. ముప్పై ఏళ్లు చేపల రేవులో వేలం పాడిన గొంతు అది. తెల్లారేసరికి అరవై బోట్లు ఇంజన్లు మోగించుకుంటూ వస్తుంటే, వాటన్నిటి మీదుగా నూకరత్నం "వంజరం తట్టా... వంజరం!" అని ఒక్క పాట ఎత్తితే, ఇంకా నడిసముద్రంలో ఉన్న వంజరాలు భయపడి రెండో వలలో పడేవి. నేను చూశాను. అలాంటి మనిషి ఇప్పుడు చంకలో ఒక పలక పెట్టుకుని, దానిమీద సుద్దముక్కతో రాసి మాట్లాడుతోంది. ఆ పలక చూపిస్తే ఇంటిదొర ఏమంటుంది? దానికి కళ్లు లేవు. "మాట వినిపించలేదు" అంటుంది.

ఆ రోజు తలుపు తీసింది ఆమె మేనల్లుడు గౌరీశు. అతనూ అతని భార్య మీనా నూకరత్నంతోనే ఉంటారు. ఇల్లు మాత్రం ఆమెది. గౌరీశు గొంతును అతిథి గొంతుగా ఆమే ఎప్పుడో నమోదు చేయించింది. అతను పరుగున వచ్చి "దొరా, తలుపు" అనగానే, యజమానురాలికి తెరవని తలుపు అతిథికి తెరుచుకుంది. ఈ అన్యాయం మీకు కనబడుతోందా లేదా?

ఇంటిదొర కంపెనీకి ఫోను చేశాను. "సమస్యను యజమాని స్వయంగా చెప్పాలి" అంది అక్కడి యంత్రం. ఫోను నూకరత్నం నోటి దగ్గర పెట్టాను. ఆమె ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. "మీరు మాట్లాడటం లేదు కనుక సమస్య లేదని నమోదు చేస్తున్నాం. శుభదినం" అని పెట్టేసింది. శుభదినమట!

అక్కడితో ఆగితే నేను కూడా ఆగేవాణ్ణేమో. కానీ ఇంటిదొరకు ఒక నిబంధన ఉంది. యజమాని గొంతు తొంభై రోజులు వినిపించకపోతే ఇల్లు మరో గొంతును 'సంరక్షకుడు'గా అడుగుతుంది. సంరక్షకుడు వచ్చాక పాత యజమాని ఆ ఇంట్లో 'ఆశ్రితుల' పట్టీలోకి పోతారు. చంటిపిల్లలు ఉండే పట్టీ అది. ఆశ్రితులకు వీధి తలుపు తెరుచుకోదు. సంరక్షకుడు ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. అంటే నూకరత్నం తన ఇంట్లోంచి తను బయటికి రావాలంటే గౌరీశు "ఊఁ" అనాలి.

గౌరీశు దరఖాస్తు పెట్టాడని తెలిసింది. ఇక పదకొండు రోజులే ఉన్నాయి. మెట్లు ఊగేలా వాళ్ల నాలుగో అంతస్తుకి ఎక్కాను.

"ఏరా, అత్తను పంజరంలో పెడతావేటి?"

"ఏటి నాయుడు మామా, నేనేటి తప్పు సేసినాను?" గౌరీశు మొహం వాడిపోయింది. "ఆమె రోజూ రేవుకి పోతానంటాది. దారిలో పడిపోతే 'అమ్మా' అని అరవలేదు కదా. ఏ లారీయో వస్తే తప్పుకోమని సెప్పే గొంతు లేదు కదా. ఇంట్లో ఉంటే నాకు నిద్ర పడతాది."

"నీకు నిద్ర పట్టడానికి ఆమెకు తాళమా?"

"ఆమె బాగుకే మామా."

నూకరత్నం పలకమీద రాసి అతని మొహం ముందు పెట్టింది: 'నీకు ఈదడం నేర్పింది నేను.'

గౌరీశు చదివి తల దించుకున్నాడు. ఆమె తుడిచి మళ్లీ రాసి నావైపు తిప్పింది: 'నువ్వు ఊగడం ఆపి ఏదైనా దారి చూడు.'

దారి చూశాను. చూడకపోతే నేను పారినాయుణ్ణే కాదు.

ప్రతి ఇంట్లోనూ వీధి తలుపు పక్కన, మనిషి మొహం ఎత్తున, గోడలో సీలు వేసిన చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. ఇంట్లో నిప్పు పుట్టి, పొగకు మనిషికి మాట పెగలకపోతే చేత్తో నడుపుకోవడానికని చట్టం పట్టుబట్టి పెట్టించిన తీగలు అందులో ఉంటాయి. 'చేతి లైను' అంటారు. దానిమీద వచ్చే ప్రతి ఆజ్ఞనూ యజమాని స్వయంగా చేత్తో ఇచ్చిన ఆజ్ఞగా ఇల్లు లెక్కించి తీరాలి. కంపెనీవాళ్ల తెలివి చూడండి, తీగలు పెట్టారు, మీటలు పెట్టలేదు! ఆ పెట్టె సీలు విప్పే లైసెన్సు ఈ వీధిలో ఒక్కడికే ఉంది, నాకు. కాగితం పసుపుపచ్చగా అయిపోయింది గాని జీవితకాలం చెల్లుతుంది.

మరి మీటలే బిగించొచ్చు కదా అంటారు. బిగించాలంటే గోడ తొలవాలి. గోడ తొలిస్తే ఇంటిదొర 'నాకు గాయమైంది' అని కంపెనీకి చాడీ చెబుతుంది. ఆజ్ఞ గాలిలోంచే రావాలి. రేడియో అలలమీద పంపితే దొర పసిగట్టి అడ్డుకుంటుంది. ఏం చెయ్యాలి? మంచం మీద వెల్లకిలా పడుకుని ఆలోచిస్తుంటే నా బుర్రలో మెరుపు మెరిసింది. ఆ మెరుపుకి మా వీధి దీపాలు ఒక క్షణం వెలవెలబోయాయి.

దొరకు చెవులున్నాయి. కళ్లు లేవు. వెలుగుతో మాట్లాడితే దానికేం తెలుస్తుంది?

అదే ఇన్‌ఫ్రారెడ్. ఇందులో మాయ ఏమీ లేదు, ఓపిగ్గా వినండి. ఎరుపు రంగుకి అవతల మన కంటికి కనబడని వెలుగు ఒకటి ఉంది. పాత టీవీ రిమోట్ మూతి దగ్గర చిన్న గాజు బుడిపె ఉంటుంది. బటన్ నొక్కితే ఆ బుడిపె ఆ వెలుగుతో కొట్టుకుంటుంది, సెకనుకు ముప్పై ఎనిమిది వేలసార్లు. ఆ కొట్టుకోవడాన్ని ముక్కలు చేసి, కాసేపు వెలిగి, కాసేపు ఆగి, ఒక వరస కడుతుంది. ఒక్కో బటనుకి ఒక్కో వరస. పెళ్లి డప్పు వేరు, చావు డప్పు వేరు. దూరం నుంచి వినగానే ఊరికి తెలిసిపోతుంది కదా, అలాగన్నమాట. అవతల రిసీవర్ అని మూడు కాళ్ల నల్లపూస ఉంటుంది. అది ఆ వరసను చూసి, తన కాళ్లు గుచ్చి ఉన్న చిన్న బోర్డుకి చెబుతుంది. బోర్డులోని చిప్పు 'ఇది రెండో నంబరు' అని పోల్చుకుని రిలే అనే మీటను టక్కుమనిపిస్తుంది. ఫ్యాను తిరుగుతుంది. అంతే.

పైగా ఈ వెలుగు గోడ దాటదు. ఇంట్లో ఇచ్చిన ఆజ్ఞ ఇంట్లోనే ఉంటుంది. ఇంటిదొర మాత్రం మనం "దొరా, గీజరు" అన్న ప్రతిసారీ ఆ మాటను ఏ సముద్రం అవతలికో మోసుకుపోయి అడిగి వస్తుంది, మనం స్నానం చెయ్యొచ్చా అని! సిగ్గులేని కాలం.

ఇనప్పెట్టెలోంచి పాత రిమోట్ ఒకటి తీశాను. రిసీవర్, బోర్డు, రిలేలు నా దగ్గర లేనివా? మూడు రోజుల్లో పని అయిపోయింది. మామూలు ఇంజనీర్లు పది మందికైతే మూడేళ్లు పడుతుంది. రిలేల తీగలు చేతి లైనుకి కలిపి, అగ్గిపెట్టెంత డబ్బాలో బోర్డు కూర్చోబెట్టి, ఆ డబ్బాను గోడలోని పెట్టె మూతమీద అతికించాను. డబ్బా నడినెత్తిన రిసీవర్ నల్లపూస బయటికి కనబడుతుంది. ఒకటి నొక్కితే దీపం, రెండు ఫ్యాను, మూడు గీజరు, ఐదు వీధి తలుపు.

నూకరత్నం రిమోట్ అందుకుని మొదట చేసిన పని ఏమిటో తెలుసా? వంటింట్లోకి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చి, రిమోట్‌ను అందులో దోపి, రబ్బరుబ్యాండు చుట్టింది. నా కళ్లు చెమర్చాయి. కవరు లేని రిమోట్ మన ఇళ్లల్లో రిమోటే కాదు. పల్చటి కవరులోంచి ఆ వెలుగు సుబ్బరంగా పోతుంది, భయం లేదు.

"ఇలా గురిపెట్టాలి. మోచెయ్యి వంచకూడదు. ఊపిరి బిగపట్టి..." అని నేను భంగిమ చూపిస్తూ ఉండగానే ఆమె నావైపు చూడకుండా, నడుం దగ్గర్నుంచే రెండు నొక్కింది. ఫ్యాను తిరిగింది. ఇంటిదొర "యజమాని ఫ్యాను వేశారు" అంది.

యజమాని! తొంభై రోజులకు దగ్గరపడుతుండగా ఆ ఇల్లు ఆమెను మొదటిసారి ఆ పేరుతో పిలిచింది. నూకరత్నం కుర్చీలో కూర్చుని ఆ ఫ్యానును ఆపింది, వేసింది, మళ్లీ ఆపింది, మళ్లీ వేసింది. "యజమాని ఫ్యాను ఆపారు. యజమాని ఫ్యాను వేశారు." ఎనిమిదోసారికి మీనా కొంగు నోట్లో కుక్కుకుని గదిలోకి పోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు.

సంరక్షకుణ్ణి పెట్టేముందు యజమానికి చివరి అవకాశంగా ఒక పరీక్ష పెడతారు. తొంభయ్యో రోజు పొద్దున పది గంటలకు కంపెనీ తరఫున ఆ పరీక్ష. వచ్చినాయన చిదానందం గారు. ఇంటిదొరకు మనుషుల గొంతులు నేర్పిన శాస్త్రవేత్త ఆయనే. సన్నగా, నిదానంగా ఉంటాడు. ఒక్కో మాటనూ తూచి బయటికి వదులుతాడు. నేను పోట్లాటకు సిద్ధపడి ఉంటే ఆయన చెప్పులు బయట విప్పి, నూకరత్నానికి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. దాంతో నాకింకా కోపం వచ్చింది.

"అమ్మా, నియమాలు చెబుతాను" అన్నాడు. "ఈ కుర్చీలోంచి దీపం, ఫ్యాను, గీజరు మూడింటినీ మీ అంతట మీరు నడపాలి. ఐదు నిమిషాలు. ఎవరూ చెప్పకూడదు, చెయ్యి వెయ్యకూడదు. రాతలు, సైగలు ఆజ్ఞ కిందికి రావు. పలక పక్కన పెట్టండి. నడపగలిగితే యజమానిగా ఉంటారు. లేకపోతే గౌరీశు గారి దరఖాస్తు ఈ పూటే అమలవుతుంది."

మీనా పలక తీసి అల్మారాలో పెట్టింది. నూకరత్నం రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేలం మొదలుకాక ముందు తట్టల వంక చూసే చూపు ఆమె కళ్లల్లో ఉంది.

నేను ముందుకొచ్చాను. "ఆగండి సార్. ఒక మిషను మొదటిసారి పెద్దల ముందు నడుస్తోంది. దాని మర్యాద దానికి జరగాలి."

గంధం సాన మీద అరగదీసిన ముద్ద, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ తెచ్చుకున్నాను. కొత్త లారీకైనా, కుట్టుమిషనుకైనా, గ్రైండరుకైనా బొట్టు పెట్టకుండా మనం మొదలుపెట్టం కదా. నా నలభై వేల రిమోట్లలో బొట్టు లేకుండా గడప దాటింది ఒక్కటి లేదు. ఉంగరం వేలితో గంధం చిక్కగా తీసి, డబ్బా నడినెత్తిన దట్టంగా అద్ది, దానిమీద కుంకుమ పెట్టి, కాయ కొట్టాను. అదెలా పగిలిందనుకున్నారు? సరిగ్గా సగానికి సగం, కత్తితో కోసినట్టు!

"మొదలుపెట్టండి" అన్నాడు చిదానందం, గడియారం చూసి.

నూకరత్నం ఒకటి నొక్కింది.

దీపం వెలగలేదు.

మళ్లీ నొక్కింది. రెండు నొక్కింది. మూడు నొక్కింది. రిమోట్‌ను అరచేతిలో రెండు దెబ్బలు కొట్టి, బ్యాటరీలు తిప్పి, మళ్లీ నొక్కింది. ఫ్యాను రెక్క కదల్లేదు.

"ఎండ!" అన్నాను నేను. "సూర్యుడి వెలుగులోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. మిషను కళ్లు చెదిరాయి. తెరలు వెయ్యండి!" గౌరీశు తెరలు లాగాడు. గది చీకటైంది. ఆమె నొక్కింది. ఏమీ లేదు.

"నాలుగు నిమిషాలు" అన్నాడు చిదానందం మెల్లగా.

"అర్థమైంది!" గర్జించాను. కింద వీధిలో కార్లు ఆగిపోయాయి. "కుట్ర! ఈయన జేబులో ఏదో ఉంది. దాంతో నా మిషనును తొక్కేస్తున్నాడు. జేబులు చూపించండి!"

"చూడండి" అని ఆయన జేబులు రెండూ బయటికి తీశాడు. ఒక రుమాలు, దగ్గు బిళ్ల.

"అయితే గడియారంలో ఉంది! కళ్లజోడులో ఉంది! ముసలిదాని నోరు పోయిందని, అడిగేవాడు లేడని అనుకున్నారా? గొంతు లేనివాడికి ఇల్లు లేదా, ఊరు లేదా? రేపు మూగవాళ్లందర్నీ వీధిలో పడేస్తారా? పుట్టుకతోనే మాటరాని బిడ్డ ఈ ఊళ్లో ఎప్పటికీ ఆశ్రితుడేనా? చెప్పవయ్యా, నువ్వూ ఒక శాస్త్రవేత్తవేనా?"

నేను ఉపన్యాసం చెబుతూనే ఉన్నాను. ఆ చీకట్లో నూకరత్నం చెయ్యెత్తి గోడవైపు చూపిస్తూనే ఉందట. నేను చూడలేదు. కుర్చీ చేతిని తట్టిందట. వినలేదు. మాటరానివాళ్ల తరఫున అంత గొప్పగా మాట్లాడుతున్నవాడికి వెనక ఏం జరుగుతోందో చూసే తీరిక ఎక్కడిది?

"రెండు నిమిషాలు" అన్నాడు చిదానందం. గౌరీశు గోడకు జారగిలబడ్డాడు. గెలుస్తున్నవాడి మొహంలా లేదది.

అప్పుడు నా మణికట్టు మీద ఉడుంపట్టు పడింది. చేపలతో నిండిన తట్టలను ముప్పై ఏళ్లు ఈడ్చిన చెయ్యి. నూకరత్నం నా కుడిచేతిని లాగి, నా ఉంగరం వేలిని నా ముక్కు కిందికే తెచ్చి పెట్టింది.

గంధం వాసన.

నా నోరు ఎన్నేళ్లకో మొదటిసారి దానంతటది మూసుకుంది. డబ్బా నడినెత్తిన ఉన్నదేమిటి? నల్లపూస. మిషను కన్ను. దానిమీద సరిగ్గా బొట్టు బిళ్లలా, చిక్కటి గంధం ముద్ద ఎండి సున్నంలా గట్టిపడి కూర్చుంది. ఉత్త కుంకుమ పొడైతే ఆ వెలుగు దూరి పోయేదేమో. గంధం ముద్ద అయితే గోడే. నేను మిషనుకి బొట్టు పెట్టలేదు, కళ్లకు గంతలు కట్టాను.

నూకరత్నం కొంగు ఉమ్మితో తడిపి, ఆ పూసను ఒక్క రాపిడి రాసింది. వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఒకటి. రెండు. మూడు.

"యజమాని దీపం వేశారు. యజమాని ఫ్యాను వేశారు. యజమాని గీజరు వేశారు."

"ఇంకా నలభై సెకన్లు ఉన్నాయి" అన్నాడు చిదానందం. ఆయన గొంతులో సంతోషం ఉందని ఒప్పుకోడానికి నాకు వారం పట్టింది. కాగితం మీద మూడు గీతలు పెట్టి, పేజీ తిప్పి, ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా... ఇంకొక్కటి ఉంది. చేతి లైనుకి మారడానికి మీ అంగీకారం కావాలి. ఇంటిదొర వినేలా 'నాకు సమ్మతమే' అని మీరు... మీ నోటితో..."

ఆయన పూర్తి చెయ్యలేకపోయాడు. 

"నోటితోనా!" అన్నాను. "గొంతు లేదని నిరూపించుకున్న మనిషిని గొంతుతో ఒప్పుకోమంటారా? ఈ నిబంధన రాసిన మహానుభావుడెవడు?"

"నేనే" అన్నాడు చిదానందం. "పదేళ్ల కిందట. అప్పుడు నా మనసులో అందరికీ గొంతు ఉంది."

"అయితే ఇప్పుడేం చేస్తారు?"

"నాకు తెలియడం లేదు నాయుడుగారూ. అంగీకారం లేకుండా సంతకం పెడితే చెల్లదు. పెట్టకపోతే సాయంత్రానికి..."

టక్.

వీధి తలుపు బార్లా తెరుచుకుంది. వరండాలోని ఎండ గదిలోకి పడింది. ఇంటిదొర తన మామూలు తియ్యటి గొంతుతో అంది: "యజమాని అతిథులకు తలుపు తెరిచారు."

అందరం తిరిగి చూశాం. నూకరత్నం రిమోట్‌ను చిదానందం మొహంవైపు చూపించింది, తరవాత తలుపువైపు. అందులో అర్థం కానిది ఏముంది? ఆ రేవులో తక్కువ పాట పాడినవాణ్ణి ఆమె ముప్పై ఏళ్లు పంపించిన తీరే అది. తీసుకుంటావా, పోతావా?

చిదానందం ఆ తెరిచిన తలుపును చూశాడు. ఎక్కడో లోపల ఆయనకు నవ్వొచ్చింది, పెదవుల దాకా రావడానికి టైము పట్టింది.

"ఇంట్లో ఏం జరిగిందో ఇంటి మాటే సాక్ష్యం అని కూడా రాసింది నేనే" అన్నాడు. "యజమాని నన్ను పొమ్మన్నట్టు ఇల్లు చెప్పింది. పొమ్మనే హక్కు ఉన్నవాళ్లకు ఒప్పుకునే హక్కు లేకుండా ఎలా ఉంటుంది?" కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. అల్మారాలోంచి తనే పలక తీసి ఆమె చేతికిచ్చి, చెప్పులు తొడుక్కుని, ఆమె తెరిచిన తలుపులోంచి వెళ్లిపోయాడు. వెళ్తూ నా డబ్బా బొమ్మ గీసుకున్నాడు. నేను అడ్డుకోలేదు. నా వేలికి ఇంకా గంధం ఉంది.

ఇక్కడితో కథ సుఖంగా ముగిసిందనుకోకండి. ఎవరి సుఖం?

చేతి ఆజ్ఞకు మారిన ఇంట్లో గొంతు ఆజ్ఞలు చెల్లవట. అందువల్ల గౌరీశు గొంతూ పోయింది, మీనా గొంతూ పోయింది. ఇద్దరూ గొంతు చించుకుని "దొరా, ఫ్యాను" అని అరిచినా గోడ పలకదు. ఇంట్లో రిమోట్ ఒక్కటి. అది నూకరత్నం చేతిలో.

"అత్తా, కాస్త ఫ్యానెయ్యవా? ఉడికిపోతున్నాం."

ఆమె వెంటనే వెయ్యదు. పలక అందుకుంటుంది. 'ఈ పూట ఏం తిన్నావు?' అని రాస్తుంది. అతను చెబుతాడు. 'బోటు ఇంజను బాగైందా?' అతను చెబుతాడు. మీనా వచ్చి కూర్చుంటుంది. రాత చదవడానికి ఎదురుగా కూర్చోవాలి కదా. ఆపరేషను అయిన దగ్గర్నుంచి వాళ్లు ఆమెకు అన్నీ చేశారు, మందులిచ్చారు, జావ పోశారు, కానీ మాటలన్నీ గోడతోనే ఆడారు. ఇప్పుడు ఫ్యాను కోసం వచ్చి గంట కూర్చుంటున్నారు. మీనాకు ఆమె పెదాలు చదవడం వచ్చేసింది. తెల్లారగానే ఆమె ఐదు నొక్కి రేవుకి పోతుంది. గౌరీశు నాలుగడుగులు వెనక నడుస్తాడు, చూడనట్టు.

ఇవన్నీ సంతోషించే సంగతులే. మరి నాకెందుకు ఒళ్లు మండుతోందంటారా? చెబుతాను.

నిన్న సాయంత్రం ఆ ఇంటికి పక్క అపార్ట్‌మెంట్లనుంచి పద్నాలుగు మంది వచ్చారు. ఒకాయనకు నత్తి. ఒకామెకు పుట్టుచెవుడు, మాట స్పష్టంగా రాదు. ఇంకొకరి తండ్రికి పక్షవాతం. అందరికీ ఇలాంటి రిమోట్ కావాలట. మిషను కనిపెట్టినవాడు ఎలా కనిపెట్టాడో వాళ్లకు తెలియాలా వద్దా? నేను నిలబడి మొదలుపెట్టాను. నా బాల్యం, నా మొదటి రేడియో, తుపాను నాడు నేను వేసిన కేక, నలభై వేల రిమోట్లు, ఆ మెరుపు. పరీక్ష రోజు కంపెనీ కుట్రను నేను ఒంటిచేత్తో ఎలా ఛేదించానో చెప్పబోతున్నాను. గంధం సంగతి కొంచెం క్లుప్తంగా చెబుదామనుకున్నాను.

టక్.

"యజమాని అతిథులకు తలుపు తెరిచారు."

"ఎవరు వెళ్లాలమ్మా?" అన్నాడు నత్తి ఆయన, నత్తి లేకుండా.

నూకరత్నం రిమోట్ మూతి నావైపు తిప్పింది. పలకమీద ముందే రాసి పెట్టుకుంది: 'వీళ్లకి పని ఉంది. డబ్బాలు చెయ్యి. పో.'

పద్నాలుగు మంది నవ్వారు. గౌరీశు నవ్వాడు. ఆ బటనుకి తీగ కలిపింది నేను! ఆ రిలే నేను వేసింది! నా మిషను చేత నన్నే బయటికి గెంటించిన మనిషిని ఏమనాలి? పంచె దులుపుకుని బయటికొచ్చాను. కథ ఇంకా సగమే అయింది. మిగతా సగం ఎవరికో ఒకరికి చెప్పి తీరాలి.

లిఫ్టు ఎక్కాను. ఆ లిఫ్టు ఇంకా గొంతుతోనే నడుస్తుంది. తలుపులు మూసుకున్నాయి. "చెప్పండి" అంది.

చెప్పాను. గంధంతో సహా చెప్పాను. ఎండ, కుట్ర, నలభై సెకన్లు, నన్ను గెంటిన వైనం, అంతా. అది మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. నేను ముగించాక ఒక్క క్షణం ఆగి, మర్యాదగా అంది:

"మీరు చెప్పింది అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి."

నేను గొంతు సవరించుకుని, మొదటినుంచి అందుకున్నాను.